గంటలు వేరు, తేదీ వేరు

మీ ప్రశ్న – నా జవాబు

(బెంగళూరులోని ఒక యంత్ర పరికరాల ఫ్యాక్టరీలో ప్లానింగ్ విభాగం చూసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. చెప్పిన తేదీకి పని పూర్తి కావడం లేదు, మాట పోతోంది. వాటిలో నాలుగు తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. మిగతా ముగ్గురూ దాన్ని కూడా చదవండి, ఎందుకంటే అందులో చెప్పిన విషయాన్ని మళ్లీ మళ్లీ చెప్పలేదు.

ప్రశ్న: మేడమ్, మాది ప్రొద్దుటూరు. బెళ్లందూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఈమధ్యే టీమ్ లీడ్‌ని చేశారు. నా కింద ఐదుగురు ఉన్నారు. రెండు వారాలకో పని విడత ఉంటుంది, స్ప్రింట్ అంటాం. అది మొదలయ్యే ముందు మా మేనేజర్ ఒక్కో పనికీ ఎన్ని రోజులని అడుగుతారు. టీమ్‌లో పిల్లల్ని అడిగి, ఆలోచించుకునే చెబుతాను. అయినా నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులు అవుతోంది. ఇప్పుడు ఒక అమెరికా బీమా కంపెనీకి క్లెయిమ్ ఫారం పేజీ చేసి ఇవ్వాలి. ఆరు రోజులన్నాను. మూడో వారం నడుస్తోంది. అందరం రాత్రి పది దాకా కూర్చుంటున్నాం. ‘నీకు ఎస్టిమేషన్ రాదు’ అని రివ్యూలో అనిపించుకున్నాను. ఇంకో ఇద్దరిని ఇస్తానని మేనేజర్ అంటున్నారు. ఇకపై అనుకున్నదానికి డబుల్ చెప్పమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, బెళ్లందూరు

జవాబు: డబుల్ చెప్పకండమ్మా. మీరు రెట్టింపు వేసి చెబుతున్నారని మీ మేనేజర్‌కు రెండు మూడు స్ప్రింట్లలోనే తెలిసిపోతుంది. అప్పటి నుంచి ఆయన దాన్ని సగం చేసి పైవాళ్లకు చెబుతారు. ఆ తర్వాత మీరు చెప్పే అంకెకూ అక్కడ జరిగే పనికీ సంబంధం ఉండదు. ఏ పనికి నిజంగా ఎక్కువ రోజులు కావాలో, దేనికి అక్కర్లేదో మీకు కూడా తెలియకుండా పోతుంది.

ఆయన అడుగుతున్నది ఒకటి, మీ టీమ్ చెబుతున్నది ఇంకొకటి. ఆయనకు కావలసింది పేజీ క్లయింటు చేతికి వెళ్లే తేదీ. మీ పిల్లలు చెబుతున్నది కూర్చుని కోడు రాయడానికి పట్టే రోజులు. ఇవి రెండూ ఒకటే అనుకున్నారు కాబట్టే మీకు ఇంత టెన్షన్.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే. మా దగ్గర స్పిండిల్ అనే భాగం తయారయ్యేది. ఉక్కు కడ్డీని లేత్ మీద తిప్పాలి, మిల్లింగ్‌లో గాడి తీయాలి, హీట్ ట్రీట్‌మెంట్, ఆ తర్వాత గ్రైండింగ్, చివర ఇన్‌స్పెక్షన్. ఒక్కో ఆపరేషన్‌కు ఎన్ని నిమిషాలో స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచిన లెక్కలు మా దగ్గర ఉండేవి. అన్నీ కూడితే కొద్ది షిఫ్టుల పని. అయితే ఆ కడ్డీ స్టోర్స్ నుంచి బయల్దేరి స్పిండిల్‌గా అసెంబ్లీకి చేరడానికి వారాలు పట్టేది. ఎవరూ బద్ధకించలేదు. గ్రైండింగ్ మెషీన్ ముందు దానికంటే ముందొచ్చిన ముక్కలు ట్రాలీలో వరుసగా ఉండేవి. ఫర్నేసును ఒక్క ముక్క కోసం వెలిగించరు, లోడు నిండేదాకా ఆగాలి. ఇన్‌స్పెక్షన్‌లో మనిషి ఉంటే గేజి మరో బ్యాచ్ మీద ఉండేది. కొత్తగా చేరిన ఇంజినీర్లు నిమిషాలు కూడి తేదీ వేసేవారు. అనుభవం ఉన్నవాళ్లు పాత రూట్ కార్డులు తీసేవారు. ప్రతి బ్యాచ్ వెంటా తిరిగే కార్డు అది. ఏ సెక్షన్‌లోకి ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన బయటపడింది అంతా దాని మీద ఉంటుంది. పాత కార్డులు ఓ పది ముందు వేసుకుంటే కొత్త స్పిండిల్ ఎప్పటికి వస్తుందో దాదాపుగా తెలిసిపోయేది.

మీ క్లెయిమ్ ఫారం కూడా ఇలాంటి సెక్షన్లు దాటే వెళ్తోంది, పైకి కనబడదు అంతే. ఏ బాక్సు తప్పనిసరో, ఏది ఖాళీగా వదలొచ్చో క్లయింటు చెప్పాలి. వాళ్ల పగలు మన రాత్రి కాబట్టి ఒక్కో సందేహానికి ఒక రోజు. ఏపీఐ, అంటే మీ పేజీ వేరే సిస్టమ్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకునే దారి, ఇంకో టీమ్ ఇవ్వాలి, వాళ్ల స్ప్రింట్‌లో మీ పని ఎన్నోదో వాళ్లకే తెలియాలి. కోడు రాశాక రివ్యూ చేయాల్సిన సీనియర్ వేరే రిలీజులో మునిగి ఉంటాడు. టెస్టింగ్ ఎన్విరాన్‌మెంట్ ఒకటే ఉంటుంది, అది ఇంకెవరో వాడుతుంటారు. టెస్టర్ బగ్గు రాస్తే మళ్లీ మొదటి నుంచి ఇదే వరుస. వీటిలో ఏదీ ‘ఎన్ని రోజుల పని?’ అన్న ప్రశ్నకు జవాబులో రాదు. అది పని కాదు, నిరీక్షణ. తేదీని జరిపేది మాత్రం ఎక్కువగా అదే.

బెళ్లందూరు నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు ఎవరైనా కిలోమీటర్లను కారు వేగంతో భాగించి బయల్దేరతారా? ఏ రోజు, ఎన్ని గంటలకు, వాన ఉందా అని చూస్తారు. పోయినసారి ఎంతసేపు పట్టిందో గుర్తుచేసుకుంటారు. ప్రాజెక్టు విషయంలో కూడా మీరు నమ్మాల్సింది ఆ పోయినసారినే.

మీ టీమ్ పాత రూట్ కార్డులు జీరాలో, అంటే మీరు పనుల్ని నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌లో, ఇప్పటికే ఉన్నాయి. పని ఏ తేదీన ‘ఇన్ ప్రోగ్రెస్’లోకి వెళ్లింది, ఏ తేదీన ‘డన్’ అయింది అది దాచి ఉంచుతుంది. మీ టీమ్ ఇటీవల ముగించిన పనులు ఇరవై తీయండి. బాగా జరిగినవే ఏరకండి, వరసగా తీయండి. ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి: అప్పుడు ఎన్ని రోజులన్నాం, ఎప్పుడు మొదలైంది, క్లయింటు చేతికి ఎప్పుడు వెళ్లింది. తర్వాత పట్టిన రోజుల్ని తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చండి. పదో పని దగ్గర ఎన్ని రోజులుందో చూడండి, పదిహేడో పని దగ్గర ఎన్ని రోజులుందో చూడండి. ఉదాహరణకు మొదటిది 7, రెండోది 13 వచ్చిందనుకుందాం. అంటే మీ టీమ్ ఇలాంటి పనుల్లో సగం ఏడు రోజుల్లోపు ముగించింది, ఇరవైలో పదిహేడు పదమూడు రోజుల్లోపు ముగించింది. ఈ రెండు అంకెలూ మేనేజర్ ముందు పెట్టండి. ‘ఏడు రోజులని మనలో మనం అనుకుందాం, క్లయింటుకు పదమూడని చెబుదాం’ అనండి. డబుల్ చెప్పడానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఇది మీ భయం వల్ల పుట్టిన అంకె కాదు, ఆయన సంతకం పెట్టిన పనుల నుంచే వచ్చింది. దాన్ని సగం చేయాలంటే ఆయన కూడా కారణం చెప్పాలి.

ఇంత చదువుకున్నవాళ్లకు ఇది ఎందుకు తోచదని మీకు అనిపించవచ్చు. చదువుతో సంబంధం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ పాత అనుభవం చూడకుండా తక్కువ రోజులు అనుకునే ఈ పొరపాటుకు 1979లోనే ‘ప్లానింగ్ ఫాలసీ’ అని పేరు పెట్టారు. ఆ కానమన్‌కే ఒక అనుభవం ఉంది. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పిల్లల కోసం ఒక పాఠ్యపుస్తకం రాసే బృందంలో ఆయన ఉన్నారు. ఎన్నాళ్లు పడుతుందో విడివిడిగా కాగితం మీద రాయమంటే అందరూ ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ల మధ్యే రాశారు. ఆ బృందంలో పాఠ్య ప్రణాళికల నిపుణుడు ఒకాయన ఉన్నారు. ఇలాంటి పని ఎత్తుకున్న మిగతా బృందాలకు ఎన్నాళ్లు పట్టిందని ఆయన్ని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, దాదాపు 40 శాతం అసలు పూర్తే చేయలేదు, చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందన్నారు. కొద్ది నిమిషాల ముందు ఆయన కూడా అందరిలాగే రెండేళ్ల చుట్టూ రాసినవాడే. లెక్క ఆయన బుర్రలోనే ఉంది, ఎవరో అడిగేదాకా బయటికి రాలేదు. ఆ పుస్తకం పూర్తి కావడానికి చివరికి ఎనిమిదేళ్లు పట్టింది. అందుకే నోట్‌బుక్ తీయమంటున్నాను. మనసును అడిగితే అది సాఫీగా జరిగిన రోజునే చూపిస్తుంది.

ఇక మీ టీమ్‌ను అడిగే పద్ధతి. అందరి ముందూ ఒకరి తర్వాత ఒకరిని అడగకండి. సీనియర్ మూడు రోజులంటే, ఎనిమిది అనుకున్న కొత్త పిల్లాడు నాలుగని సర్దుకుంటాడు. ఎవరికి వాళ్లు చీటీ మీద రాసి, అందరూ ఒకేసారి తిప్పాలి. దీన్నే మీ రంగంలో ప్లానింగ్ పోకర్ అంటారు. అందులో అసలు ప్రయోజనం సగటు తీయడంలో లేదు. ఎనిమిది రాసినవాణ్ణి ముందు మాట్లాడనివ్వండి. ‘ఆ పాత క్లెయిమ్ టేబుల్‌ను ముట్టుకుంటే రిపోర్టులు పాడవుతాయి’ అని అతనొక్కడికే తెలిసి ఉండవచ్చు.

రాత్రి పది దాకా కూర్చోవడం గురించి నాకు గట్టిగా చెప్పాలనుంది. పనిచేసేవాళ్ల ఆరోగ్యం సంగతి సరే, అది మొదటి మాట. రెండో మాట, ఆ అదనపు గంటలు మీ లెక్కను పాడుచేస్తాయి. తొమ్మిది రోజులు పట్టిందని జీరాలో ఉంటుంది. రోజుకు పన్నెండు గంటల చొప్పున తొమ్మిది రోజులని ఎక్కడా ఉండదు. వచ్చేసారి ఇలాంటి పనికి తొమ్మిది చాలనుకుంటారు, మళ్లీ రాత్రిళ్లు కూర్చుంటారు. కాబట్టి నోట్‌బుక్‌లో నాలుగో గడి కూడా గీయండి, ఎక్కువ కూర్చున్న గంటలు అందులో రాయండి. పిల్లల్ని ఇళ్లకు పంపాలంటే ముందు ఆ గంటలు ఎవరికో ఒకరికి కనబడాలి.

ఇద్దరు కొత్తవాళ్ల విషయంలో మేనేజర్‌కు మర్యాదగా వద్దని చెప్పండి. ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. కొత్తవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే, వాళ్ల పని ఆపుకుని నేర్పాలి. పైగా మీతో కలిపి ఆరుగురున్నప్పుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జంటలు 15. ఎనిమిది మంది అయితే 28. మూడో వారంలో ఉన్న పనికి అది సాయం కాదు. అడగాల్సింది పని తగ్గించమని. ఫారంలో ముఖ్యమైన భాగం ముందు ఇస్తామని, ఫొటోలు అప్‌లోడ్ చేసే భాగం తర్వాతి విడతలో ఇస్తామని చెప్పి చూడండి. రోజులు తగ్గించమని ఎవరైనా అంటే పనిలో ఏది తీసేద్దామని అడగండి. పని అంతే ఉండి అంకె మాత్రం తగ్గితే ఆ తేడా మీ పిల్లల రాత్రుల్లోంచే వస్తుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న పేజీ గురించి: ఎల్లుండి, ఆ మర్నాడు అంటూ రోజురోజుకూ జరపకండి. ఒక గంట కూర్చుని మిగిలింది రాయండి. అందులో ఎవరి కోసం ఎదురుచూడాలో పక్కన రాయండి, వాళ్లను పిలిచి ఎప్పుడిస్తారో కనుక్కోండి. అన్నీ చూసి, నిలబడగల తేదీ ఒక్కటి చెప్పండి. ఒక్కసారి పెద్దగా జరిపితే కోప్పడతారు, మర్చిపోతారు. నాలుగుసార్లు చిన్నచిన్నగా జరిపితే అదే రివ్యూలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: మాకు ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌లో పెర్ట్ సూత్రం ఉంది. ఆశాజనకంగా ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అధ్వానంగా ఎన్ని అని మూడు అంచనాలు తీసుకుని సగటు కడతాం. నిజమైన ఉద్యోగంలో ఇది పనికొస్తుందా?
— ఒక విద్యార్థి, యలహంక

జవాబు: పనికొస్తుంది, ఒక మేరకు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారైన పద్ధతి ఇది. ఆశాజనకం 4, మామూలు 6, అధ్వానం 20 రోజులు అనుకుంటే, మామూలును నాలుగుతో హెచ్చించి మూడూ కూడి ఆరుతో భాగించాలి. 8 వస్తుంది. అంటే మామూలుగా అనుకున్నదానికంటే రెండు రోజులు ఎక్కువ. అధ్వానం అనే గడి ఉండటం వల్ల మనిషి కనీసం దాని గురించి ఆలోచిస్తాడు, ఆ మేలు ఉంది.

లోపం ఎక్కడంటే, మూడు అంకెలూ ఒకే మనసు నుంచి వస్తాయి. 1994లో అచ్చయిన ఒక కెనడా పరిశోధనలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులను తమ థీసిస్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులని అడిగితే దాదాపు 49 అన్నారు. పట్టింది 55 రోజులపైనే. వాళ్లు ఊహించిన అధ్వానం కూడా చాలలేదు. అందుకే ఆ మూడో గడి నింపేటప్పుడు ఊహను వదిలి, పోయిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ పట్టినదాన్ని తీసి రాయండి.

ఇంకో సంగతి పరీక్షలో పెద్దగా అడగరు, ఉద్యోగంలో మాత్రం రోజూ ఎదురవుతుంది. ఐదుగురు ఐదు భాగాలు చేస్తున్నారు, అన్నీ కలిస్తేనే పని పూర్తి. ఒకరి పనికి మరొకరితో సంబంధం లేదు, ఒక్కొక్కరూ సమయానికి ఇచ్చే అవకాశం 80 శాతం. అందరూ సమయానికి ఇచ్చే అవకాశం ఎంత? 0.8ని ఐదుసార్లు గుణించండి. 33 శాతం కూడా రాదు. ఎవరికి వారు బాగానే చేస్తున్నా మొత్తం ప్రాజెక్టు ఆలస్యమయ్యేది ఇందుకే. దీన్ని లెక్క కట్టి చూపగలిగిన విద్యార్థిని నేనైతే వెంటనే ప్లానింగ్‌లోకి తీసుకుంటాను.

ప్రశ్న: మాది మదనపల్లె. రామమూర్తినగర్‌లో అద్దెకుంటున్నాం. హొస్కోటె వైపు 30×40 సైటులో గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ కడుతున్నాం. జ్యేష్ఠంలో పునాది వేశాం. ఆరు నెలల్లో తాళాలు చేతిలో పెడతానని మేస్త్రీ మాట ఇచ్చాడు. మాఘమాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించేద్దామని నాన్నగారి పట్టు. బంధువులకు కూడా చెప్పేస్తున్నారు. లోను తీసుకున్నాం. పెట్టేయవచ్చా?
— ఒక పాఠకుడు, రామమూర్తినగర్

జవాబు: ఇప్పుడే పెట్టకండి బాబూ. మీ మేస్త్రీ అబద్ధం చెబుతున్నాడని నేను అనడం లేదు. ఆయన మనుషులు, ఆయన సెంట్రింగ్ రేకులు రోజూ మీ సైటులోనే ఉంటే ఎన్నాళ్లలో అవుతుందో అది చెబుతున్నాడు.

డబ్బు పెట్టినా తగ్గని రోజులు ఇంటి పనిలో ఉంటాయి, ముందు అవి చూడండి. కాంక్రీటు నిర్మాణాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు వాడితే ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల దాకా ఉన్న శ్లాబు కింద పోట్లు (దాన్ని మోసే కర్రలు) కనీసం 7 రోజులు ఉంచాలి, అంతకు మించిన శ్లాబుకు 14 రోజులు. దూలాల కింద 6 మీటర్ల దాకా 14 రోజులు, ఆపైన 21. నీళ్లతో క్యూరింగ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఇళ్లకు ఎక్కువగా వాడే పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు చేయాలి, 14 దాకా చేస్తే మంచిది. మీకు రెండు శ్లాబులు. ఈ రోజుల్లో కోత పెట్టమని మేస్త్రీని ఎప్పుడూ తొందరపెట్టకండి. ముహూర్తం ముందే పెట్టేస్తే జరిగేది సరిగ్గా అదే. ‘తేదీ దగ్గర పడుతోంది’ అంటూ మీరే వెళ్లి పోట్లు తీయించమంటారు. నాకున్న పెద్ద భయం ఇది.

ఇక మేస్త్రీ లెక్కలోకి రానివి. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరులో వానలు గట్టిగా పడతాయి. మీ పై శ్లాబు, గోడల పని సుమారుగా అప్పుడే నడుస్తుంది. వినాయక చవితికి, దసరాకు, దీపావళికి, సంక్రాంతికి కూలీలు ఊళ్లకు వెళ్తారు. వెళ్లినవాళ్లందరూ చెప్పిన రోజుకే తిరిగి రారు, రావాలని పట్టుబట్టడం కూడా న్యాయం కాదు. సెంట్రింగ్ రేకులు వేరే సైటులో ఉంటే అక్కడ శ్లాబు విప్పేదాకా మీ పని ఆగాలి. సింహద్వారం చెక్క ఆరాలి. ప్లాస్టరింగ్ ఆరకుండా పుట్టీ పెడితే పెచ్చులు లేస్తుంది. కరెంటు మీటరుకు, నీళ్ల కనెక్షన్‌కు కాగితాలు తిరగాలి. వీటిలో ఒక్కోటి చిన్నదే. కాకపోతే ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మీ ఇంటికి ఎన్ని నెలలని మేస్త్రీని మళ్లీ అడగకండి. ఆయన కట్టిన చివరి మూడు ఇళ్లు ఎక్కడున్నాయో అడగండి. ఒక ఆదివారం అక్కడికి వెళ్లి, ఇంటివాళ్లతో మాట్లాడండి. భూమిపూజ ఎప్పుడు చేశారు, తాళాలు ఎప్పుడొచ్చాయి, తాళాలు వచ్చాక ఇంకా ఎన్నాళ్లు ప్లంబరూ పెయింటరూ తిరిగారు అని కనుక్కోండి. ఆ మూడింటిలో ఎక్కువ నెలలు పట్టిన ఇంటినే మీ లెక్కకు తీసుకోండి.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు ముహూర్తాలు మాఘంతో అయిపోవని గుర్తుచేయండి. ఫాల్గుణం ఉంది, తర్వాత వైశాఖం, జ్యేష్ఠం ఉన్నాయి. ఫ్లోరింగ్ పూర్తయి, సింహద్వారం నిలబడ్డ రోజున పురోహితుడి దగ్గరికి వెళ్లమని చెప్పండి. ఆయన వయసు, ఆరోగ్యం దృష్ట్యా మాఘమే కావాలంటే దానికీ దారి ఉంది. కప్పు, నేల, ద్వారం, వంటగది, నీళ్లు వచ్చే ఒక బాత్‌రూము ఉంటే పాలు పొంగించి, వ్రతం చేసుకోవచ్చు. పెయింటింగ్ తర్వాత చేయించుకోండి. అయితే అద్దె ఇల్లు ఖాళీ చేసే తేదీని మాత్రం ముహూర్తంతో కలపకండి. ఓనరుకు నోటీసు ఇచ్చేసి, కొత్త ఇంట్లో నీళ్లు లేక అల్లాడేవాళ్లను చూశాను. అద్దె, ఈఎంఐ రెండూ కట్టాల్సిన నెలలు కొన్ని తప్పవు. మేస్త్రీ చెప్పినదానికీ ఆ మూడిళ్లలో ఎక్కువ పట్టినదానికీ మధ్య ఎన్ని నెలల తేడా ఉందో, అన్ని నెలల అద్దె ఇప్పుడే పక్కన పెట్టండి. మేస్త్రీకి డబ్బు నెలల లెక్కన ఇవ్వకుండా పని దశల లెక్కన ఇవ్వండి.

ప్రశ్న: అక్కా, కె.ఆర్. పురంలో ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేయిస్తాను. రెండు ఫ్రేములు, ఇద్దరు పనివాళ్లు. ఒక బ్లౌజుకు మూడు రోజులు పడుతుంది, అందుకే ఎవరొచ్చినా పది రోజుల్లో ఇస్తానంటాను. శ్రావణం వచ్చిందంటే ఇరవై రోజులైనా ఇవ్వలేకపోతున్నాను. ఇంటికొచ్చి గొడవ పడుతున్నారు. ఇంకో ఫ్రేము వేయాలా?
— ఒక పాఠకురాలు, కె.ఆర్. పురం

జవాబు: ఫ్రేము సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు రెండు లెక్కలు చూసుకోండి. పోయిన నెలలో ఎన్ని బ్లౌజులు ఇచ్చారు? ఈ రోజు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? నెలకు పన్నెండు ఇచ్చారనుకోండి, అంటే వారానికి మూడు. మీ బీరువాలో, ఫ్రేముల మీద, కుట్టు దగ్గర కలిపి పన్నెండు ఉన్నాయనుకోండి. పన్నెండును మూడుతో భాగిస్తే నాలుగు వారాలు. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చిన కస్టమరుకు మీరు చెప్పాల్సింది నాలుగు వారాలు. ఆమె బ్లౌజు మీద పని మూడు రోజులే కావచ్చు, దాని ముందు పన్నెండు ఉన్నాయి కదా. జాన్ లిటిల్ అనే ఆచార్యుడు 1961లో గణితంతో నిరూపించిన సూత్రం ఇది. దుకాణమైనా, ఫ్యాక్టరీ అయినా, ఆస్పత్రి క్యూ అయినా లోపలికొచ్చే పనీ బయటికెళ్లే పనీ సుమారు సమంగా ఉన్నంతకాలం సగటున ఇది వర్తిస్తుంది.

రెండు ఫ్రేములకు మూడు రోజుల చొప్పున వారానికి నాలుగు రావాలి కదా అని మీరు అడగవచ్చు. రావాలి. కరెంటు పోతుంది, జరీ రంగు కలవదు, పనివాడికి జ్వరం వస్తుంది, కస్టమర్ డిజైన్ మార్చమంటుంది. అందుకే రావాల్సినవి వదిలేసి, ఇచ్చినవి లెక్కపెట్టమంటున్నాను. గోడకు ఒక బోర్డు పెట్టుకోండి. చేతిలో ఎన్ని ఉన్నాయో రోజూ అక్కడ రాయండి. చీర, ఆది జాకెట్టు, డిజైన్ మూడూ చేతికొచ్చాకే ఆర్డరును వరుసలోకి తీసుకోండి, తేదీ అప్పుడే చెప్పండి. అడ్వాన్స్ కూడా అప్పుడే.

‘అర్జెంట్’ అని వచ్చినవాళ్లను ముందుకు జరిపితే వెనకున్న ప్రతి ఒక్కరి తేదీ జరుగుతుంది. వారానికి ఒక బ్లౌజు చోటు అర్జెంటు కోసం ఖాళీగా ఉంచి దానికి ధర ఎక్కువ తీసుకోండి. ఆ చోటు నిండితే ఆ వారం ఇంకెవరికీ లేదు, మీ ఆడపడుచుకైనా సరే. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం ఏ తేదీన వస్తుందో పంచాంగంలో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. వారానికి మూడు చొప్పున ఎన్ని ఇవ్వగలరో అన్నే శ్రావణం ఆర్డర్లు తీసుకోండి. నిండిన రోజున వాట్సాప్ స్టేటస్‌లో ‘వ్రతం ఆర్డర్లు నిండాయి’ అని పెట్టేయండి. కాదనడం కష్టమే, ఒప్పుకుని వ్రతం నాడు ఇవ్వలేకపోతే ఆ కస్టమర్ ఇంకెప్పుడూ రాదు.

మూడో ఫ్రేము వేసేముందు ఒకటి చూడండి. పని ఆగుతున్నది ఫ్రేము దగ్గరా, కుట్టు దగ్గరా? మగ్గం పూర్తయిన బ్లౌజులు టైలరు దగ్గర పోగుపడుతుంటే కొత్త ఫ్రేము వేసినా అక్కడి పోగు పెరగడమే తప్ప ఒక్క బ్లౌజు కూడా త్వరగా రాదు. అలాగైతే ఆ డబ్బుతో వారానికి రెండు రోజులు కుట్టడానికి ఇంకొకరిని పెట్టుకోండి.

ఇప్పటికే తేదీ దాటినవాళ్లకు వాళ్లు ఇంటికి రాకముందే ఈ రోజే ఫోన్ చేయండి. బోర్డు చూసి, ఇవ్వగల తేదీ చెప్పండి. ముందుగా పెళ్లి ఉన్నవాళ్లకు చేయండి.